వరదలో అంతా పోయింది.. మళ్లీ మొదలుపెట్టారు!

విజయపురి సౌత్ దాటి నల్లమల వైపు వెళ్తే తునికి, నారేప చెట్లు కనిపిస్తాయి. బోటనీ పుస్తకంలో వాటి శాస్త్రీయ నామాలు ఒకసారి చూడండి. రెండింటి చివరా ‘రాక్స్‌బ్’ అని ఉంటుంది. ఆ మొక్కలకు పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్‌కి అది గుర్తు.

1751లో స్కాట్లాండ్‌లో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యంతో పాటు వృక్షశాస్త్రమూ నేర్చుకున్నారు. 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చారు. ఉద్యోగం రోగుల్ని చూడటం. కానీ రోజుకు మూడుసార్లు వాతావరణం లెక్కలు కూడా రాసుకునేవారు.

1781లో సామర్లకోట చేరాక అసలు పని మొదలైంది. తోట వేశారు. మిరియాల్లాంటి పంటలు పెంచి చూశారు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు కూడా నమోదు చేశారు.

1787లో కోరంగి వైపు ఉప్పెన వచ్చింది. పుస్తకాలు, ఏళ్ల తరబడి సేకరించిన మొక్కల నమూనాలు కొట్టుకుపోయాయి. అప్పుడు క్లౌడ్ బ్యాకప్ లేదు కదా! మళ్లీ మొదటి నుంచి సేకరించారు. ఆ పట్టుదలే ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాలైంది. అందులో 300 చిత్రాలున్నాయి.

ఆ తర్వాత కొన్నేళ్లకే ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు. వానలు తప్పితే పైరు ఎండిపోతుంది, జనం చచ్చిపోతారు. అందుకే కాలువ గట్ల మీద, ఊళ్ల చుట్టూ కొబ్బరి, తాటి, పనస, అరటి లాంటివి పెంచాలని ఆయన సూచించారు. ఏ నేలలో ఏ మొక్క నిలబడుతుంది? బీడు భూముల్ని బాగుచేసే ఎకాలజిస్టులు ఇవాళా అడిగే ప్రశ్న ఇదే.

1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత వచ్చింది. 1815లో ఆయన చనిపోయాకే ‘ఫ్లోరా ఇండికా’ అచ్చయింది.

మీకు ఈ దారి నచ్చిందా? గడ్డిభూముల మీద ఝాన్సీలో భారతీయ పశుగ్రాస పరిశోధన సంస్థ పనిచేస్తోంది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు బోటనీ డిగ్రీవాళ్లే కాదు, ఇంజినీర్లూ అర్హులే.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. మీ ఊరి బీడులో ఒక చదరపు మీటరు ఎంచుకోండి. ప్రతి వాన తర్వాత ఏం మొలిచిందో, మేకలు ఏం మేశాయో తేదీ వేసి రాయండి. ఫొటో తీయండి. ఏడాది గడిచేసరికి రెజ్యూమేలో చూపించడానికి మీ సొంత పని ఒకటి ఉంటుంది. బ్యాకప్ మాత్రం మరిచిపోవద్దు!