సత్యానంద స్టోక్సు

ఉప్పల్ చౌరస్తాలోను నాచారపు వీధులలోను తోపుడుబండ్లపై నిగనిగలాడు ఎఱ్ఱని ఆపిలు పండ్లను బేరమాడి కొనువారిలో సత్యానంద స్టోక్సు పేరెఱిగినవారు మిక్కిలి తక్కువగ నుందురు. ఆ పండు సిమ్లా కొండల కెట్లు వచ్చెనో తెలిసికొనుట మన ప్రాంతమువారికి నేడు మఱింత యవసరమైనది. ఏలయన, ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో కొమరం భీం ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలమున నాటిన ఆపిలు చెట్లు 2020లో కాపునకు వచ్చినవి. చెట్టు పెంచుట యొక యెత్తు; దాని ఫలము పెంచినవాని యింట నిలుచుట వేఱొక యెత్తు. స్టోక్సు ఈ రెంటికిని పాటుపడిన మనుష్యుడు.

ఆయన అసలు పేరు శామ్యూల్ ఇవాన్స్ స్టోక్సు. 1882లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున క్వేకరు మతస్థులైన సంపన్నుల యింట జన్మించెను. ఇరువదిరెండేండ్లు నిండకమునుపే, 1904లో, కుష్ఠరోగులకు సేవ చేయుటకై హిందూదేశమునకు వచ్చి సిమ్లా చెంతనున్న సబాథూ ఆశ్రమమున చేరెను. 1905లో కాంగ్డా భూకంపము సంభవించినప్పుడు బాధితులకు సేవ చేసెను. పిదప కొంతకాలము సాధువువలె జీవించి, 1912లో కొండసీమకు చెందిన కన్యను వివాహమాడి, కోట్‌గఢ్‌లో భూమి కొని సేద్యగాడయ్యెను.

ఆ కొండలకు ఆపిలు క్రొత్తది కాదు. 1870 ప్రాంతమున కులూ లోయలో లీ అను ఆంగ్ల సైనికోద్యోగి తోట వేసియుండెను. కాని యా పిప్పిన్ మొదలగు ఇంగ్లీషు రకములు పులుపు. ఆంగ్లేయుల దేశమున పులుపు, వగరు గల ఆపిళ్లను గానుగ కెత్తి, రసమును పులియబెట్టి సైడరు అను పానీయము చేయుదురు. పండులోని చక్కెర మద్యమగును. పులుపు దానిని చెడకుండ కాపాడును. వగరు దానికి నిండుదన మిచ్చును. మనవారికి ఆపిలు కొఱికి తినునదే కాని గానుగకు పోయునది కాదు. తీయని పండు గాక వేఱొకటి యిచ్చట చెల్లదని స్టోక్సు గ్రహించెను. 1916లో మిస్సోరీ రాష్ట్రములోని స్టార్కు సోదరుల నర్సరీనుండి రెడ్ డెలిషస్ మొక్కలను తెప్పించి నాటెను. ఆపిలు గింజ నాటిన తల్లిచెట్టు గుణము రాదు, అంటు కట్టవలయును. కావున ఆయన అంటుమొక్కలు పెంచి ఇరుగుపొరుగు రైతులకు పంచిపెట్టి, కొమ్మ కత్తిరించుట మొదలుకొని సర్వమును నేర్పెను.

అయిన నా రైతుల చేతులు వారివి గావు. దొరలు వేటకో, తనిఖీకో కొండల కెక్కునప్పుడెల్ల వారి సామానులు మోయుటకు గ్రామస్థులు రావలయును. దానిని బేగారు అందురు. మన తెలంగాణమువారికి వెట్టి యన్న చాలును. పంట కోతకు వచ్చినను, ఇంట రోగి యున్నను, పిలుపు వచ్చిన కదలవలసినదే, కూలి నామమాత్రము. స్టోక్సు ఊరూర తిరిగి, ఏకగ్రీవముగ నిరాకరింపుడని బోధించి, అధికారులకు విజ్ఞప్తులు వ్రాసి, 1921లో ఆ ప్రాంతపు ప్రభుత్వమును దిగివచ్చునట్లు చేసెను. హైదరాబాదులో ఆంధ్రజనసంఘము పుట్టినదియు, అటుపిమ్మట వెట్టికి వ్యతిరేకముగ కరపత్రములు వెలువరించినదియు మన పాఠకు లెఱుగుదురు. దాని జననము కూడ 1921లోనే. దూరదేశములందు రెండు ప్రజలు ఒక్కయేటనే మేల్కొనిరి!

ఆయన కాంగ్రెసున చేరి, అఖిలభారత కాంగ్రెసు సంఘమున సభ్యుడైన యమెరికను. ప్రభుత్వోద్యోగములు విడువుడని నాయకులు ప్రకటించిన పత్రముపై సంతకము చేసినవారిలో నొకడు. 1921 డిసెంబరులో రాజద్రోహ నేరము మోపి, ఆయనకు ఆరునెలల చెఱ విధించిరి. తెల్లవాడు తెల్లవారి చెఱలో! 1924లో, చిన్నతనముననే మరణించిన కుమారుడు తారా పేర కోట్‌గఢ్‌లో పాఠశాల స్థాపించెను. 1932లో హిందువై సత్యానందుడను పేరు ధరించెను. 1946 మే 14న, స్వాతంత్ర్యమునకు సంవత్సరముపైన కొలది నెలలముందు, దివంగతుడయ్యెను.

ఇక మన తోటల మాట. రెడ్ డెలిషస్‌కు శీతకాలమున ఏడు డిగ్రీలకు తక్కువైన చలి సుమారు వేయిగంటలు కావలయును. అది మన ఆసిఫాబాదున దొరకదు. అందువలన ఎచ్.ఆర్.ఎం.ఎన్.-99, అన్నా వంటి తక్కువ చలి కోరు రకములే శరణ్యము. అంటుకొమ్మ నమ్మదగినదై యుండవలె. సైడరు చేయువారు గాని, రసము తీయువారు గాని మచ్చపడిన, చిన్న కాయలను కొనుటకు వచ్చినప్పుడు ధర నిర్ణయించు హక్కు రైతునకు మిగులవలె. హిమాచలమున అట్టి కాయలను ప్రభుత్వసంస్థలు నిర్ణీతధరకు కొని పర్వాణూ కర్మాగారమునకు పంపుచున్నవి. మద్యము సంగతి యట్లుండనిండు, రసము మాటయే మేము చెప్పుచున్నాము. కెరమెరి రైతునకు మొక్క లిచ్చువారే, దెబ్బతిన్న కాయలను కొనువా రెవరో, ఏ ధరకో, నాటునాడే కాగితముపై వ్రాసి యిత్తురుగాక యని మేము కోరుచున్నాము.