విశ్వానికి ఆది ఉందని లెక్క కట్టిన గురువు - ఫాదర్ జార్జి లెమైటర్

మన పిల్లలు కాలేజీలో విన్న పాఠమూ, ఆదివారము గుడిలో విన్న ప్రసంగమూ ఒకదానితో ఒకటి పొసగక, ఏది నమ్మాలో తెలియక ఇంటికి వచ్చి అడిగిన సందర్భాలు చాలామంది తల్లిదండ్రులకు అనుభవమే. అటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు తలచుకొనదగిన జీవితము ఒకటి ఉన్నది. ఆయన కతోలిక గురువు. ఆయనే ఈ విశ్వానికి ఒక ఆరంభమున్నదని శాస్త్రరీత్యా మొట్టమొదట ప్రతిపాదించిన వ్యక్తి. నేడు బిగ్ బ్యాంగ్ అని పాఠ్యపుస్తకాలలో చదువుకొనే మహావిస్ఫోట సిద్ధాంతానికి మూలపురుషుడు ఆయన. పేరు జార్జి లెమైటర్.

బాల్యము, విద్యాభ్యాసము

లెమైటర్ గారు 1894 జూలై 17వ తేదీన బెల్జియం దేశములోని షార్లెరువా పట్టణములో జన్మించారు. అది బొగ్గు గనులకూ, గాజు పరిశ్రమకూ పేరుపడిన ఊరు. తండ్రి జోసెఫ్ గారికి అక్కడ గాజు కార్ఖానా ఉండేది. అది అగ్నికి ఆహుతి కావడముతో ఆయన బ్రస్సెల్సు నగరములో బ్యాంకు ఉద్యోగము చూసుకున్నారు. 1910లో కుటుంబము అక్కడికి తరలివెళ్లింది. జేసు సభ గురువుల పాఠశాలల్లో చదువుకున్న బాలునికి చిన్నతనములోనే రెండు కోరికలు కలిగాయి. ఒకటి గురువు కావాలని, రెండవది శాస్త్రజ్ఞుడు కావాలని. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ ఆయన జీవితాంతము వదలలేదు.

1911లో లూవాన్ విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదువుకు చేరారు. 1914 ఆగస్టులో జర్మనీ సైన్యము బెల్జియంపై దండెత్తగానే పుస్తకాలు పక్కన పెట్టి, తమ్మునితో కలసి స్వచ్ఛందముగా సైన్యములో చేరారు. ఈజర్ నది తీరాన జరిగిన ఘోర పోరాటములో పాల్గొన్నారు. కందకాలలో తీరిక దొరికినప్పుడు భౌతికశాస్త్ర గ్రంథాలు చదువుకునేవారు. ఆయన ధైర్యసాహసాలకు గుర్తింపుగా యుద్ధ పతకము లభించింది.

యుద్ధము ముగిసి ఇంటికి వచ్చిన యువకుడు ఇంజనీరింగు వదలిపెట్టి గణితము వైపు మళ్లారు. 1920లో డాక్టరేటు పట్టము పొందిన వెంటనే మలీన్ పట్టణములోని గురువిద్యాలయములో చేరారు. దైవశాస్త్రము చదువుతూనే పెద్దల అనుమతితో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని కూడా అధ్యయనము చేశారు. 1923 సెప్టెంబరులో కార్డినల్ మెర్సియర్ గారి చేతులమీదుగా గురుపట్టము స్వీకరించారు. ఆ తరువాత ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ గారి వద్ద ఒక సంవత్సరము, అమెరికాలోని హార్వర్డు నక్షత్రశాలలో షాప్లీ గారి వద్ద ఒక సంవత్సరము గడిపి, 1925లో లూవాన్ విశ్వవిద్యాలయానికి అధ్యాపకునిగా తిరిగి వచ్చారు.

విస్తరించే విశ్వము

విశ్వము ఎప్పుడూ ఒకే తీరుగా, కదలిక లేకుండా ఉంటుందని ఆనాటి పండితులు దాదాపు అందరూ నమ్మేవారు. ఐన్‌స్టీన్ కూడా అదే నమ్మి, తన సమీకరణాలలో విశ్వము నిలకడగా ఉండేటట్లు ఒక స్థిరాంకాన్ని చేర్చారు. కాని దూరాన ఉన్న నక్షత్ర సముదాయాలలో, అనగా గెలాక్సీలలో, ఎక్కువ భాగము మన నుండి దూరముగా పోతున్నట్లు దూరదర్శినులలో కనిపిస్తూనే ఉన్నది. 1927లో లెమైటర్ గారు ఈ రెండింటినీ జతపరచారు. గెలాక్సీలు పరుగెత్తడము లేదు, వాటి మధ్యనున్న ఆకాశమే సాగుతున్నదని చెప్పారు. క్రిస్మసు కేకు పొయ్యిలో పొంగుతున్నకొద్దీ అందులోని ఎండు ద్రాక్షలు ఒకదానికొకటి ఎడమైనట్లే ఇది కూడా. ఎంత దూరాన ఉన్నదానికి అంత ఎక్కువ వేగము ఉంటుంది. సుమారు 32 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 625 కిలోమీటర్ల వేగమని ఆయన లెక్క కట్టారు. ఆనాడు గెలాక్సీల దూరాలను చాలా తక్కువగా అంచనా వేయడమువలన ఈ అంకె పెద్దదయింది. నేటి లెక్క ప్రకారము అది 70కి అటూ ఇటూ ఉంటుంది.

ఈ వ్యాసము ఫ్రెంచి భాషలో, బ్రస్సెల్సులోని ఒక పత్రికలో వెలువడినందున ఎవరి దృష్టికీ రాలేదు. అదే సంవత్సరము బ్రస్సెల్సులో ఐన్‌స్టీన్‌ను కలిసినప్పుడు, గణితము సరిగానే ఉన్నది గాని ఆ భావన మాత్రము తనకు సమ్మతము కాదని ఆ మహాశయుడు కఠినముగానే చెప్పారు. లెమైటర్ గారు నొచ్చుకొని ఊరుకోలేదు, వాదానికీ దిగలేదు. తన పని తాను కొనసాగించారు. 1929లో అమెరికా శాస్త్రజ్ఞుడు హబుల్ తన పరిశీలనలతో అదే సంబంధాన్ని ప్రకటించారు. అప్పుడు ఎడింగ్టన్ గారు తన పాత శిష్యుని వ్యాసాన్ని లోకానికి చూపించారు. 1931లో దాని ఇంగ్లీషు అనువాదము వెలువడింది. ఆ వేగపు లెక్క ఉన్న భాగము మాత్రము అందులో లేదు. ఎవరో కావాలని తొలగించారని చాలాకాలము అనుమానము ఉండేది. తొలగించినది లెమైటర్ గారేనని 2011లో వెలుగు చూసిన ఆయన ఉత్తరము వలన తేలింది. అప్పటికి హబుల్ కొలతలు వచ్చి ఉన్నందున, తన పాత లెక్కను మళ్లీ అచ్చువేయనక్కరలేదని ఆయన తలచారు. పేరుకోసము పాకులాడని మనిషి అని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనము అక్కరలేదు.

ఆదిమ అణువు, గెలాక్సీల పుట్టుక

విశ్వము విస్తరిస్తున్నదంటే, వెనుకకు పోయినకొద్దీ అది చిన్నదై ఉండాలి గదా! 1931 మే నెలలో ఇంగ్లాండులోని నేచర్ పత్రికలో ఆయన ఒక చిన్న లేఖ ప్రచురించారు. విశ్వములోని పదార్థమంతా ఆదిలో ఒకే అణువుగా ఉండి, అది ముక్కలు ముక్కలుగా విడిపోవడముతో ఈ విశ్వము ఆరంభమైనదని అందులో ప్రతిపాదించారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆనాటి వేగపు లెక్కను బట్టి చూస్తే విశ్వము వయస్సు 200 కోట్ల సంవత్సరాలైనా ఉండదు. భూమి వయస్సే అంతకంటె ఎక్కువని శిలలు చెబుతున్నాయి. తల్లికంటె బిడ్డ పెద్దదైనట్లు! లెమైటర్ గారు దీనికొక దారి చూపారు. మొదట విశ్వము వేగముగా విస్తరించింది. తరువాత పదార్థము యొక్క ఆకర్షణా, ఐన్‌స్టీన్ స్థిరాంకము సూచించే వికర్షణా దాదాపు సరితూగి, విస్తరణ చాలాకాలము మందగించింది. ఆ నెమ్మది కాలములో కాస్త దట్టముగా ఉన్నచోట్ల వాయువు తన ఆకర్షణ చేతనే కుదించుకొని గెలాక్సీలుగా, వాటి గుంపులుగా ఏర్పడింది. ఆ పైన వికర్షణది పైచేయి అయి విస్తరణ మళ్లీ వేగము పుంజుకొన్నది.

ఇందులో కొంత నిలిచింది, కొంత నిలువలేదు. నడుమ అంత దీర్ఘకాలము ఆగినట్లు నేటి శాస్త్రము అంగీకరించదు. విశ్వకిరణాలు ఆదిమ విస్ఫోటపు శేషాలని ఆయన భావించినదీ పొరపాటే. కాని కాస్త దట్టముగా ఉన్న తావులే ఆకర్షణవలన గెలాక్సీలయ్యాయన్న మూలభావన నేటికీ నిలిచే ఉన్నది. ఐన్‌స్టీన్ విసర్జించిన స్థిరాంకాన్ని ఈయన పట్టుదలగా నిలుపుకున్నారు. విశ్వ విస్తరణ వేగము పుంజుకుంటున్నదని 1998లో తేలినప్పుడు ఆ స్థిరాంకము మళ్లీ శాస్త్రములోకి వచ్చింది.

రెండు దారులు

ఈ సిద్ధాంతానికి ఎదురైన పెద్ద ఆటంకము ఆయన ధరించిన నల్లని అంగీయే. ఆదికాండములోని సృష్టిని గణితము ముసుగులో చెబుతున్నాడని కొందరు శాస్త్రజ్ఞులు శంకించారు. ఇంగ్లాండులో హోయిల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఊహను నిరాకరిస్తూ 1949లో రేడియోలో బిగ్ బ్యాంగ్ అన్న మాట వాడారు. ఆ పేరే స్థిరపడింది.

ఇది ఒక పక్క. రెండవ పక్క నుండి వచ్చినది ఇంకా కష్టమైన పరీక్ష. 1951 నవంబరు 22వ తేదీన పన్నెండవ పయస్ పోపుగారు తమ ప్రసంగములో, నూతన శాస్త్రము సృష్టి సత్యానికి సాక్ష్యము పలుకుతున్నదన్న భావము వెలిబుచ్చారు. ఇంకొకరైతే పొంగిపోయేవారే. సాక్షాత్తు పోపుగారి నోట తన సిద్ధాంతానికి గౌరవము దక్కింది గదా! కాని లెమైటర్ గారు కలత చెందారు. తన సిద్ధాంతము మతానికి సంబంధించినది కాదని, విశ్వాసి గాని అవిశ్వాసి గాని దానిని స్వేచ్ఛగా పరీక్షించవచ్చునని ఆయన అభిప్రాయము. వాటికన్ నక్షత్రశాల అధిపతి ఫాదర్ ఓకానెల్ గారితో కలసి తన ఆందోళనను వినయముగా పెద్దలకు విన్నవించారు. మరుసటి ఏడు 1952 సెప్టెంబరులో రోమునగరానికి వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుల ఎదుట పోపుగారు మాట్లాడినప్పుడు, ఆ విధముగా ముడిపెట్టలేదు.

దీనిని మనము జాగ్రత్తగా గ్రహించాలి. ఆయన విశ్వాసము బలహీనమై అలా చేయలేదు. ప్రతిరోజు దివ్యపూజ సమర్పించిన గురువు ఆయన. గురువుల సహవాసములో చేరి ఏటేటా మౌనధ్యానము పాటించారు. లూవాన్‌లో చదువుకొనే చైనా విద్యార్థులకు అండగా నిలిచారు. శాస్త్ర సిద్ధాంతము ఈనాడు నిలిచి రేపు మారవచ్చును. విశ్వాసాన్ని తీసుకొనిపోయి దాని కొక్కేనికి తగిలిస్తే, కొక్కెము ఊడిన రోజున రెండూ నేలపాలవుతాయి. దేవుడు మన లెక్కలలో ఒక అంకె కాడని ఆయనకు తెలుసు.

చివరి దినములు

1960లో ఆయన పోపుగారి విజ్ఞాన పరిషత్తుకు అధ్యక్షులయ్యారు. 1964లో గుండెపోటు వచ్చి ఆరోగ్యము దెబ్బతిన్నది. 1965లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆకాశములో అన్ని దిక్కులనుండీ సమానముగా వచ్చే ఒక సన్నని రేడియో తరంగాన్ని ప్రకటించారు. అది ఆదిమ విశ్వపు వేడిమి మిగిల్చిన చల్లారిన కాంతి. ఆసుపత్రిలో ఉన్న గురువుగారికి ఆయన శిష్యుడు గొడార్ ఈ వార్త చేరవేశారు. ముప్పది అయిదేండ్ల నిరీక్షణ ఫలించినదని విని, 1966 జూన్ 20వ తేదీన లెమైటర్ గారు కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని సొంత ఊరి పక్కనే ఉన్న మార్సినెల్‌లో సమాధి చేశారు.

విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలని నేటి లెక్క. 2021లో ఆకాశానికి పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని, విశ్వము ఆరంభమైన 30 కోట్ల సంవత్సరాల లోపలే వెలిగిన గెలాక్సీని చూచింది. విస్తరణ నియమాన్ని హబుల్-లెమైటర్ నియమమని పిలవాలని ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘము 2018లో ఓటువేసి సిఫారసు చేసింది.

సత్యాన్ని చేరడానికి రెండు దారులున్నాయని, ఒకదానికి వెరచి రెండవదానిని వదలనక్కరలేదని ఆయన బ్రతికి చూపించారు. మన బిడ్డలు ప్రశ్నతో ఇంటికి వచ్చిననాడు వారిని గద్దించి ఊరుకోబెట్టకుండా, ఈ గురువు కథ చెప్పి, మరింత బాగా చదువుకోమని పంపుదాము.