రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారు

కృష్ణాతీరమునందలి మన కులజులలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారి పేరెఱుఁగనివా రుండరు. గన్నవరమునుండి విజయవాడ మీఁదుగా మంగళగిరికిఁ బోవువారికి దూరముననే కానవచ్చు పదునొకండంతస్తుల గాలిగోపురము 1807-1809 సంవత్సరములలో వారు కట్టించినదే. జగ్గయ్యపేట వారి తండ్రి పేరను, అచ్చంపేట తల్లి అచ్చమ్మగారి పేరను వెలసినవి. ఈ దాతృత్వవర్ణన మిట్టి సంచికలయం దేఁటేఁట వచ్చుచునే యున్నది. కావున దాని నింతటితో విడిచి, ఆ ప్రభువు నభిమాన మెచ్చట వంగెనో, ఎచ్చట వంగకపోయెనో విచారింపఁ దలఁచితిమి.

నాయుఁడుగారు 1783లో చింతపల్లి సంస్థానమున కధిపతులైరి. అయిదువందలకు మించిన గ్రామములు, ఏనుఁగులు, స్వంతసేన గల వైభవ మది. అప్పటికే కంపెనీవారు జమీందారుల బలగములను తగ్గింపఁ జొచ్చిరి. తన కోటలో తన భటులను మఱియొకఁడు తొలఁగింపఁ జూచుట మానధనుఁడైన ప్రభువున కెంతటి పరాభవమో చెప్పనక్కఱలేదు. ఇట్టి పట్టుననే విజయనగర ప్రభువు చిన విజయరామరాజుగారు 1794 జూలై 10వ తేదీని పద్మనాభమువద్ద కంపెనీసేన నెదిర్చి నేలఁ గూలిరి. ఆ వీరమరణమును మేము తక్కువ చేయము. అయినను నాయుఁడుగా రా త్రోవఁ ద్రొక్కలేదు. కోపము దిగమ్రింగి, చింతపల్లిని విడిచి, 1796 ప్రాంతమున కృష్ణ దాఁటి అమరావతిం జేరి క్రొత్తపట్టణము కట్టించి, అమరేశ్వరాలయము నుద్ధరించిరి. మానమును విడువలేదు, ప్రజల నెత్తురును చిందింపలేదు. ఏటి కీవలి యొడ్డున తగ్గినవాఁ డావలి యొడ్డున పెరిగెను.

ఆయన దోషరహితుఁడని మేము వ్రాయము. చెంచులను విందునకుఁ బిలిచి నఱికించెనను కథ నరుకుళ్లపాడు పేరుతో నేఁటికిని వినవచ్చుచున్నది. ఆ పశ్చాత్తాపమే శివభక్తిగా మాఱెనందురు. పట్టణనిర్మాణమునకై త్రవ్విన దిబ్బలోని బౌద్ధశిల్పములను 1797లో మెకంజీదొర చూచి లోకమునకుఁ దెలిపెను. వానిలో మిగిలినవి పెక్కులు చెన్నపురిలోను లండనులోను ఉన్నవి.

ఇఁక నింటిలోని మాట. సంతానము లేకపోవుటచే నాయుఁడుగారు జగన్నాథబాబును దత్తత చేసికొనిరి. అతఁడు జీవించియుండఁగనే రామనాథబాబును సైతము దత్తుఁ జేసికొనిరి. అపుత్రునకే దత్తతాధికారమని ధర్మశాస్త్రము. ఈ మాట చెప్పఁగల పండితు లంతటి యాస్థానమున లేకుండిరని తలఁపఁజాలము. నదిని దాఁటుటకు సరిపోయిన వివేకము చేసినపనిని దిద్దుకొనుట కేల చాలకపోయెనో! కంపెనీవాని యెదుటఁ దగ్గుట కంటె కన్నవారియెదుటఁ దగ్గుట కష్టము గాఁబోలు.

1816లో నాయుఁడుగారు దివంగతులైరి. దత్తపుత్రు లిరువురును న్యాయస్థానముల కెక్కిరి. ఏ యొక్కరైనను సగముతో తృప్తినొందిన రాజులే యగుదురు. జగన్నాథబాబుగారు గతించిన పిమ్మట వ్యాజ్యము వారి వితంతువుల వఱకుఁ బ్రాఁకెను. తుదకు 1846లో లండనునందలి ప్రీవీకౌన్సిలువారు మొదటిదత్తుఁ డుండఁగా రెండవదత్తత చెల్లదని తీర్పిచ్చిరి. ముప్పదియేండ్లు గడచెను. ఈలోపల బకాయిలక్రింద సంస్థానము శిథిలమై దొరతనమువారి చేతఁ జిక్కెను. న్యాయవాద విద్యార్థులు నేఁటికిని రంగమ్మ అచ్చమ్మల వ్యాజ్యమని దానిని చదువుదురు. ఆ గోపురమును కట్టించిన వంశమే యదియని వారిలో నెందఱెఱుఁగుదురో!

మేము పాఠశాలలోఁ బనిచేసిన కాలమున నొకనాఁ డిద్దఱన్నదమ్ముల బిడ్డలు ఒక్కబల్లమీఁదఁ గూర్చుండ నిరాకరించిరి. కారణ మడుగఁగా పొలముగట్టు మీఁది తుమ్మచెట్టని తేలినది. పెద్దలు అప్పటికి తొమ్మిదేండ్లుగా కోర్టునకుఁ దిరుగుచుండిరి. చెట్టెప్పుడో యెండిపోయినది.

కావున సభకు విచ్చేసిన పెద్దలకును పోషకులకును మా విన్నపము: ఈ సంవత్సరము తీర్మానములతోపాటు, మన కుటుంబముల భాగపంపకముల తగవులను కోర్టునకుఁ బోకమునుపే విని పరిష్కరించుటకు నలుగురైదుగురు మధ్యవర్తులను నియమింపుఁడు. వారిలో కనీస మొక్కరు తమ వ్యాజ్యమును తామే విరమించుకొన్నవారై యుండవలెను.