నూర్ చేతి మోర్స్: టిపూ వంశపు ఆడబిడ్డ కథ

బోయిగూడలో ఉంటే రైలు కూత వినకుండా రోజు గడవదు. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే కదా! మా గల్లీలో రైల్వేలో పనిచేసి రిటైర్ అయిన పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు స్టేషన్ల మధ్య కబుర్లు మోర్స్‌లోనే నడిచేవని చెప్తుంటారు. చాయ్ తాగుతూ చెంచాతో కప్పు మీద టక్ టక్ అని కొడితే పిల్లలు నవ్వుతారు.

ఈ మధ్య మా ఖాలా కొడుకు హామ్ రేడియో లైసెన్స్ తీసుకుంటానని తిరుగుతున్నాడు. సొంత రేడియో సెట్టుతో దేశదేశాల వాళ్లతో మాట్లాడే హాబీ అది. మోర్స్ నేర్చుకోవాలా, అక్కర్లేదా అని నన్నడిగాడు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామే ఆగిపోయింది, ఇంకా ఈ చుక్కలు గీతలు ఎందుకని వాడి బాధ. జవాబు కోసం వెతుకుతుంటే ఒక అమ్మాయి జీవితం దగ్గర ఆగిపోయాను. ఆమె పేరు నూరున్నిసా ఇనాయత్ ఖాన్.

నూర్ కథకు మన హైదరాబాద్‌తో సంబంధం ఉంది. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు. తల్లి వైపు నుంచి టిపూ సుల్తాన్ వంశమని ఆ కుటుంబం చెప్పుకునేది. యువకుడిగా ఆయన హైదరాబాద్ వచ్చి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడి మెప్పించారు. ఇక్కడే సయ్యద్ అబూ హాషిం మదనీని ముర్షిద్‌గా చేసుకుని సూఫీ దారి పట్టారు. 1910 సెప్టెంబర్ 13న సంగీతాన్ని, సూఫీ మాటను పట్టుకుని ఓడెక్కి పడమటి దేశాలకు వెళ్లారు. ఆ తారీఖు గుర్తు పెట్టుకోండి.

అమెరికాకు చెందిన ఓరా రే బేకర్‌ను ఆయన పెళ్లి చేసుకున్నారు. ఆమె అమీనా బేగం అయ్యారు. వారి పెద్ద కూతురు నూర్ 1914 జనవరిలో మాస్కోలో పుట్టారు. తర్వాత కుటుంబం లండన్‌కు, అక్కడి నుంచి పారిస్ పక్కన సురేన్‌కు మారింది. ఆ ఇంటి పేరు ఫజల్ మంజిల్. 1927లో తండ్రి ఢిల్లీలో ఇంతకాలు చేశారు. అప్పటికి నూర్‌కు 13 ఏళ్లు. దుఃఖంలో మునిగిన తల్లిని, ముగ్గురు చిన్నవాళ్లను చూసుకునే భారం ఆమె మీద పడింది. అయినా చదువు ఆపలేదు. సంగీతం నేర్చుకున్నారు, సోర్బోన్‌లో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివారు, పిల్లల కథలు రాశారు. ఆమె తిరగరాసిన జాతక కథల పుస్తకం 1939లో లండన్‌లో అచ్చయింది.

1940లో హిట్లర్ సేనలు ఫ్రాన్స్‌లోకి వచ్చాయి. కుటుంబం ఇంగ్లండ్ చేరింది. అహింస వింటూ పెరిగిన నూర్, తమ్ముడు విలాయత్ ఇద్దరూ చేతులు ముడుచుకుని కూర్చోకూడదనుకున్నారు. 1940 నవంబర్‌లో నూర్ బ్రిటిష్ వైమానిక దళం మహిళా విభాగంలో చేరారు. అక్కడ నేర్పిన పని వైర్‌లెస్, అంటే మోర్స్. ఇంగ్లిష్‌లో ఆమె పేరు మొదటి అక్షరానికి ఒక గీత, ఒక చుక్క. అలా అక్షరానికో లయ. కళ్లతో చదివితే రాదు, చెవితో వినాలి. సంగీతం తెలిసిన పిల్లకు అది కలిసొచ్చింది. మొదట్లో ఆమె చెయ్యి మీట మీద బరువుగా పడేదని తోటివాళ్లు చెప్పుకునేవారు.

ఫ్రెంచ్ బాగా వచ్చు, మోర్స్ వచ్చు. రహస్య సంస్థ స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ ఆమెను పిలిచింది. 1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఫ్రాన్స్‌లో దింపింది. ఆ సంస్థ ఫ్రాన్స్‌కు పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. రహస్య పేరు మదలీన్.

వెళ్లిన కొన్ని రోజులకే పారిస్‌లో ఆమె దళం వాళ్లను జర్మన్లు వరుసగా పట్టుకున్నారు. వెనక్కి వచ్చేయమని లండన్ అడిగినా నూర్ రాలేదు. తాను వస్తే పారిస్‌కు, లండన్‌కు మధ్య కబురు తెగిపోతుందని ఆమెకు తెలుసు. సూట్‌కేసులో సెట్టు పెట్టుకుని ఇల్లు మార్చుకుంటూ, జుట్టు రంగు మార్చుకుంటూ తిరిగారు. సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుందో పసిగట్టే జర్మన్ వ్యాన్లు వీధుల్లో తిరిగేవి. ఒకచోట ఎక్కువసేపు మీట కొట్టారా, దొరికిపోయినట్టే. ఆరు వారాలు నిలవడమే గొప్ప అనుకునే పనిలో ఆమె దాదాపు నాలుగు నెలలు నిలిచారు. అక్టోబర్ మధ్యలో ఎవరో పట్టించారు.

నేను కామర్స్ చదివినవాణ్ని. బ్యాంకుకు చెక్కు వస్తే ముందు సంతకం సరిపోలుస్తారని తెలుసు. మోర్స్‌లో కూడా సంతకం ఉంటుంది. ఒకరు గీతను కాస్త సాగదీస్తారు, ఇంకొకరు అక్షరాల మధ్య ఆగుతారు. అలవాటైన చెవి మనిషిని గుర్తుపడుతుంది. నూర్ చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. పంపిన సందేశాలన్నీ నోటుపుస్తకాల్లో దాచుకున్నారు. సెట్టుతో పాటు అవి కూడా దొరికాయి. వాటిని చూసి జర్మన్లు ఆమె పేరుతోనే లండన్‌కు సందేశాలు కొట్టారు. ఆమెకు ఆపద వచ్చిందని వేరే దారిలో కబురు అందినా లండన్ పెద్దలు లెక్క చేయలేదు. దొంగ సంతకం నెలల తరబడి చెల్లుబాటయింది. ఆ సందేశాలను నమ్మి పంపిన మనుషులు పారాచూట్‌తో నేరుగా శత్రువు చేతుల్లో దిగారు. 1944 ఫిబ్రవరి చివర్లో అలా దిగి పట్టుబడిన వాళ్లలో మదలీన్ దామెర్మాన్ అనే యువతి ఒకరు.

విచారణలో నూర్ ఎవరి పేరూ బయటపెట్టలేదు. రెండుసార్లు పారిపోవాలని చూశారు. అందుకే ప్రమాదకరమైన ఖైదీ అని ముద్ర వేసి ఫోర్జ్‌హైమ్ జైల్లో సంకెళ్లు వేసి పది నెలలు ఉంచారు. 1944 సెప్టెంబర్ 13న దాఖావ్ క్యాంపులో కాల్చి చంపారు. తండ్రి ఓడెక్కిన తారీఖే అది. ఆమెకు 30 ఏళ్లు. పక్కనే కాల్చిన మరో ముగ్గురిలో ఆ దామెర్మాన్ కూడా ఉన్నారు. ఫ్రాన్స్ క్రోయి ద గెర్, బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్ ఇచ్చాయి. 2012లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో ఆమె విగ్రహం పెట్టారు.

ఇక మా ఖాలా కొడుకు ప్రశ్న. లైసెన్స్‌కు మోర్స్ తప్పనిసరన్న ప్రపంచ నియమం 2003లోనే పోయింది. మన దేశంలో రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ పరీక్ష పెట్టలేదు, జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగం అడిగారు. హైదరాబాద్‌లో 1983లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబర్ సునామీలో అండమాన్ నుంచి కబుర్లు చేరవేసింది. అలాంటి సేవకు మోర్సే కావాలని లేదు. చెవికి అందనంత బలహీనమైన సిగ్నల్‌ను పట్టడానికి 2017 నుంచి ఎఫ్‌టీ8 లాంటి కంప్యూటర్ పద్ధతులు వచ్చాయి.

మరి మోర్స్ దండగా? కాదు. మాటకు 2500 హెర్ట్జ్ దాకా వెడల్పు కావాలి, మోర్స్‌కు 150 దరిదాపుల్లో చాలు. అందుకే చిన్న సెట్టు, కొద్దిపాటి కరెంటుతోనే దూరం పోతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఇందులో అవతల మనిషి చెయ్యి వినిపిస్తుంది. నూర్ చెయ్యి ప్రాణాలకు తెగించి పని చేసింది, వినాల్సిన వాళ్లు మోసాన్ని పట్టుకోలేకపోయారు. అందుకే వాడికి ఒకటే చెప్పాను: పరీక్ష కోసం కాదురా, వినడం కోసం నేర్చుకో. ఇప్పుడు సాయంత్రాలు గల్లీ పెద్దాయన దగ్గర కూర్చుంటున్నాడు. చెంచా, కప్పు మాత్రం ఆయనవే.