సముద్రం దాటితే నేరం మాసిపోతుందా?



మంత్రాలయం వెళ్ళివచ్చిన ఇరుగుపొరుగు వారి నోట మన్రో దొర పేరు మీరు వినే ఉంటారు. మఠం మాన్యం విషయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారని అక్కడ చెప్పుకొంటారు. 1800లో నిజాము మన సీమను కుంఫిణీకి అప్పగించాక దత్తమండలాలకు వచ్చిన ప్రధాన కలెక్టరు ఆయనే. దొర మంచివాడైతే సరే. చెడ్డవాడైతే, ఇక్కడి అన్యాయానికి లండనులో జవాబు చెప్పించేదెవరు?

మన్రో రాకముందే ఆ ప్రశ్న అడిగినవాడు ఎడ్మండ్ బర్క్. 1729లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి ప్రొటెస్టెంటు, తల్లి కథోలికురాలు. ఆనాటి ఐర్లండులో కథోలికులకు ఓటు లేదు, సర్కారు కొలువు లేదు. చట్టం పేరుతో జరిగే అన్యాయం ఎలా ఉంటుందో తల్లి బంధువుల ఇళ్ళలోనే చూశాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడై, కథోలికులపై ఆంక్షలు సడలించాలన్నాడు. 1780లో బ్రిస్టల్ స్థానం పోగొట్టుకోవడానికి అదీ ఒక కారణం.

బర్క్ ఏనాడూ భారతదేశం చూడలేదు. అయినా ఏళ్ళ తరబడి కుంఫిణీ కాగితాలు చదివాడు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ కాశీ రాజు చేత్‌సింగ్‌ను డబ్బు కోసం పీడించాడనీ, అయోధ్య నవాబు తల్లి, నాయనమ్మల ఖజానా బలవంతంగా లాగించాడనీ ఆరోపించాడు. 1788 ఫిబ్రవరి 13న వెస్ట్‌మినిస్టర్ హాలులో విచారణ మొదలైంది. కామన్స్ సభ ఫిర్యాది, ప్రభువుల సభ న్యాయపీఠం. తూర్పు దేశాల్లో పాలకుడి ఇష్టమే చట్టమని హేస్టింగ్స్ పక్షం వాదన. దేశం మారితే న్యాయాన్యాయాలు మారవని బర్క్ జవాబు. కేసు ప్రాణమంతా ఇక్కడే ఉంది.

అయితే బర్క్‌కు నోటి దురుసు ఎక్కువ. నందకుమార్ ఉరిని హేస్టింగ్స్ చేసిన హత్య అన్నందుకు 1789లో సొంత సభే ఆయనను తప్పుపట్టింది. బాధితులేమో నెలల ఓడ ప్రయాణమంత దూరంలో ఉండిపోయారు. విచారణ ఏడేళ్ళు సాగింది, జనానికి విసుగు పుట్టింది. 1794లో బర్క్ కుమారుడు మరణించాడు. 1795 ఏప్రిల్ 23న హేస్టింగ్స్ నిర్దోషిగా విడుదలయ్యాడు, కుంఫిణీ ఏటా 4,000 పౌన్ల భత్యం కూడా ఇచ్చింది. బర్క్ 1797లో కన్నుమూశాడు. తాను చేసిన పనులన్నిటిలో ఈ ఓడిపోయిన కేసునే ఆయన గొప్పగా ఎంచుకొన్నాడు.

1998లో చిలీ మాజీ పాలకుడు పినోచెట్‌ను స్పెయిన్ న్యాయమూర్తి వారంటుపై లండనులోనే అరెస్టు చేశారు. అనారోగ్యం పేరుతో 2000లో అతడు ఇంటికి వెళ్ళిపోయాడు. మన దేశంలోనూ 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. యుద్ధంలో ఖైదీలనూ పౌరులనూ చంపి హింసించినవాడు ఏ దేశస్థుడైనా, నేరం ఎక్కడ జరిగినా, మన కోర్టులో విచారించవచ్చు.