ఏడో తూటా దగ్గరే ఎందుకు ఆగింది?

మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన కోడ్ సర్వర్‌కి వెళ్లగానే మొరాయించిందా? అయితే జాన్ గరాండ్ కథ మీకోసమే. 1888లో కెనడాలో పుట్టి, అమెరికాలో బట్టల మిల్లులో పనిచేస్తూ యంత్రాల పని నేర్చుకున్నారు. ఆయన రూపొందించిన ఎం1 రైఫిల్‌ను 1936లో అమెరికా సైన్యం తీసుకుంది. క్లిప్‌కి ఎనిమిది తూటాలు. ఉత్పత్తి ఊపందుకున్నాక ఏడోది ఇరుక్కోవడం మొదలైంది. యుద్ధంలో అలా జరిగితే సైనికుడి ప్రాణమే పోతుంది! తీరా చూస్తే, ఫ్యాక్టరీలో కొత్త టూలింగ్ తూటాకు దారి చూపే సన్నటి గట్టును కొంత చెక్కేస్తోంది. దాన్ని సరిచేయగానే సమస్య పోయింది. వెనక సైట్ జారుతుంటే దానికీ లాక్ బిగించారు. పేటెంట్ హక్కులు ప్రభుత్వానికే ఇచ్చేసిన గరాండ్ 1974లో కన్నుమూశారు. మీకూ బగ్ ఎదురైతే డిజైన్ మార్చేయకండి. పనిచేసినదానికీ, చేయనిదానికీ తేడా ఏంటో ముందు వెతకండి.