గిడుగు రామమూర్తి పంతులుగారు

భద్రాద్రి మన్నెమున ఇంట కోయమాట నేర్చిన బిడ్డకు బడిలోని తెలుగు వాచకము పరభాషయే. ఇట్టి కష్టమునే పర్లాకిమిడి మన్నెమున సవరబిడ్డలయందు గుర్తించి, తీర్పబూనిన మహనీయుడు శ్రీ గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940).

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, వారు సవరభాష నేర్చి, అందు వాచకములు రచించి, సొంత సొమ్ముతో బడులు పెట్టించిరి. మన్నెపు జ్వరమునకు వాడిన క్వినైను వలన చెవుడు వచ్చినను వెనుదీయలేదు.

తెలుగు వ్యాసరచనను గూర్చిన ఉపసంఘమున సభ్యులైనపుడును వారి ఆశయ మొక్కటే: విద్యార్థి తాను మాటాడు శిష్టభాషలో వ్రాయగలుగవలెను. ఉపసంఘ నివేదికతో ఏకీభవింపక, 1914లో తమ భిన్నాభిప్రాయమును ప్రకటించిరి.

నేడు తెలుగు వాచకములు వాడుకభాషలోనే వెలువడుచున్నవి. మన్నెపుబిడ్డల ఇంటిభాషకు బడిలో తగిన చోటు కల్పించుట మాత్రము వారు మనకు మిగిల్చిన బాధ్యత.